కప్పు రాకముందు కుట్టిన నక్షత్రాలు

కరోనాకు ముందటి ఏడాది. ఎర్రగుంట్లలో సిమెంటు లారీలు నిలబడే రోడ్డు పక్కన నా కుట్టుమిషన్ ఉండేది. మా ఆయన పోయాక అదే నా బతుకు. నాకు చదువు రాదు, నేను చెబుతుంటే వేరేవాళ్లు రాసిపెడుతున్నారు. కానీ బట్టను చూస్తే మనిషి ఏం చేసి వచ్చాడో చెప్పగలను.

సిమెంటు మూటలు మోసేవాళ్లకు ఒక ఫుట్‌బాల్ టీమ్ ఉండేది. వాళ్ల జెర్సీలు, అంటే ఆట చొక్కాలు, చినిగితే నా దగ్గరికే వచ్చేవి. ఆ ఏడాది అన్నీ వెనకవైపు చినిగి వస్తున్నాయి. ముందుకు దూసుకుపోయేవాణ్ణే కదా అవతలివాడు వెనకనుంచి పట్టి లాగేది. మనవాళ్లు బాగా ఆడుతున్నారని నాకు అట్లా తెలిసింది.

కడపలో ఫైనల్‌కు రెండు రోజుల ముందు కెప్టెన్ మస్తాన్ పదకొండు జెర్సీలు తెచ్చాడు. మోకాలు పాడై, అతనికి అదే ఆఖరి ఆట.

“అత్తా, అన్నిటికీ రొమ్ముమీద పసుపు నక్షత్రం కుట్టు. కప్పు గెలిచినోళ్లకు ఉంటాది.”

“గెలిచినాక కుట్టించుకోప్పా. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమా?”

“గెలిస్తే ఫోటో ఆడనే తీస్తారు. అప్పుడు నిన్ను యాడ ఎతికేది?”

“ఫైనల్‌లో ఎదురొచ్చే టీమ్ చేతిలోనే కదా పోయినేడు నాలుగు గోల్స్ తింటిరి. మర్చిపోతివా?”

“శానా బాగా గుర్తుండాది. అందుకే కుట్టమంటాండా.”

కచ్చా కుట్టు వేశాను. దారం లాగితే ఊడివచ్చే వదులు కుట్టు అది. మిషన్ కుట్టు విప్పితే బట్టకు తూట్లు మిగులుతాయి. ఓడితే మళ్లీ ఆ చొక్కాలే తొడుక్కోవాలి కదా. మస్తాన్ తన నక్షత్రం అంచు పట్టి లాగి చూశాడు.

“నాది మాత్రం మిషన్ మీద ఎయ్యి అత్తా. ఊడే నక్షత్రంతో నేను గ్రౌండ్‌లోకి పోలేను.”

వేశాను.

ఒక్క గోల్ తేడాతో ఓడిపోయారు. పది నక్షత్రాలు చిటికెలో ఊడాయి, ఆనవాలు లేదు. మస్తాన్‌ది బ్లేడు పెట్టి పోగు పోగూ విప్పాల్సి వచ్చింది. రొమ్ముమీద నక్షత్రం ఆకారంలో తూట్లు మిగిలాయి.

మరుసటేడు కరోనా వచ్చి టీమ్ చెదిరిపోయింది. మొన్న మస్తాన్ ఆ జెర్సీనే పట్టుకొచ్చాడు. చంక చినిగి, రంగు వెలిసిపోయింది. లోపల గుడ్డ వేసి ఆ తూట్లు కూడా మూద్దామని చెయ్యి పెట్టాను.

“చంక ఒకటే కుట్టు అత్తా. దాన్ని ముట్టుకోవద్దు.”

“అన్నీ బొక్కలే కదప్పా.”

“ఉండనీ. ఎండాకాలం గాలి వస్తాది.”

ఇప్పటికీ ఎవరైనా గెలవకముందే నక్షత్రం అడిగితే కచ్చా కుట్టే వేస్తాను. కానీ మిషన్ కుట్టు కావాల్సినవాడు మీలో ఎవరని ముందు అడుగుతాను. ప్రతి టీమ్‌లోనూ ఒకడుంటాడు.