కమ్లి అక్క చదివిన మ్యాపు

మా చిన్నప్పుడు... ఒక శనివారం పొద్దున, బాన్సువాడ బయట గుట్ట కింద ముప్పైమంది పిల్లలం జంటలు జంటలుగా నిలబడ్డాం. ప్రతి జంట చేతిలో ఒక జిరాక్స్ కాగితం.

కాగితం మీద ఆ గుట్ట మ్యాపు. అందులో పన్నెండు చోట్ల సున్నాలు చుట్టి ఉన్నాయి. ఒక్కో చోట చెట్టుకో రాయికో ఎర్రగుడ్డ కట్టి, ఒక అక్షరం రాసిన అట్టముక్క వేలాడదీశారు. పన్నెండు అక్షరాలూ ఒక కార్డు మీద రాసుకుని ముందుగా తిరిగొచ్చిన జంట నిజామాబాద్‌లో పది రోజుల క్యాంపుకు పోతుంది. ఈ ఆటను ఓరియంటీరింగ్ అంటారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది.

నాకు అప్పుడు పన్నెండేళ్లు. నా జత మా కమ్లి అక్క... పదో తరగతి.

వారం ముందే, పోటీ నడిపే మా బడి సారు ఒక నమూనా మ్యాపు ఇచ్చారు. దాని మీద ఒకదాని చుట్టూ ఒకటి వంకర గీతలు. క్లాసులో ఎవరికీ అర్థం కాలేదు. అక్క ఆ సాయంత్రం తండాలో మా ఇంటి ముందు తడిమట్టిని కుప్పగా చేసి, పుల్లతో చుట్టూ వరసగా గీతలు గీసింది.

"పై నుంచి చూడు. గీతలు దగ్గరగ ఉన్న కాడ నిట్టనిలువు ఎక్కుడు. ఎడంగ ఉన్న కాడ సాపు," అంది.

యాడి పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. అమ్మను మేము యాడి అంటాం. ఆమెకు అక్షరం ముక్క రాదు. కాసేపు ఆ కాగితం, ఆ మట్టికుప్ప చూసి, "గీడ నీళ్లు నిలుస్తయి," అని ఒకచోట వేలు పెట్టింది. నిజంగానే మ్యాపులో అక్కడ కుంట అని రాసి ఉంది...

శనివారం విజిల్ వేయగానే అందరూ గుట్ట మీదికి ఉరికారు. అక్క కదల్లేదు. కాగితాన్ని గుట్టకు సరిపోయేలా తిప్పి పట్టుకుని, నాకు ఏడుపొచ్చేంత సేపు చూసింది. తర్వాత ఉరికింది. మళ్లీ ఎక్కడా తడబడలేదు. ముళ్లు గీరుకున్న కాళ్లతో మేమిద్దరం తిరిగొచ్చేసరికి కింద సారు తప్ప ఎవరూ లేరు. కార్డు చూశారు. పన్నెండూ సరిగ్గానే ఉన్నాయి.

చాలాసేపటికి రెండో జంట వచ్చింది. టౌన్ బడి పిల్లలు. వాళ్లలో ఒకడి నాన్న సారును పక్కకు తీసుకెళ్లి ఏదో మాట్లాడాడు.

సారు మా దగ్గరికి వచ్చారు. "మీరు తండా పిల్లలు గదా. అడవి మీకు తెల్సిందే. గిది సమానమైన పోటీ కాదు. క్యాంపుకు వాళ్లు పోతరు," అన్నారు.

మా తండా మద్నూర్ రోడ్డు వైపు. ఆ గుట్ట ఊరికి అవతల. ఆ రోజు దాకా మేము ఆ గుట్ట ఎక్కనే లేదు.

"సార్, నేను మ్యాప్ చూసి ఉరికిన సార్," అంది అక్క. రెండుసార్లు అంది. సారు అప్పటికే వేరేవాళ్ల కార్డు చూస్తున్నారు.

ఇది రాస్తుంటే ఇప్పటికీ నా పళ్లు బిగుసుకుంటున్నాయి. కాళ్లతో గెలిచామన్నా ఊరుకునేదాన్నేమో. మా అక్క బుర్రతో గెలిచింది. ఆ బుర్రనే లేదన్నారు.

ఆదివారం బడిలో బహుమతులు ఇస్తున్నారు. యాడి కూలికి పోకుండా మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లి, సారు ముందు బల్ల మీద మ్యాపు పరిచింది.

"సారూ, నా బిడ్డ గిది చదివింది. అడవి తెల్సి ఉరకలే."

"పిల్లలు అట్లనే చెప్తరమ్మా."

"అయితే ఇయ్యాల ఇంకో జాగల పెట్టుండ్రి. మీకిష్టమున్న కాడ. టౌన్ నడుమ పెట్టినా సరే... నా బిడ్డలు ఉరుకుతరు."

"లిస్టు పోయిందమ్మా. ఇగ నా చేతుల లేదు. చిన్నపిల్లను వచ్చే ఏడు చూద్దాం."

"పెద్దదానికి వచ్చే ఏడు లేదు సారూ. పదో తరగతి అయిపోతది."

సారు మైకు దగ్గరికి వెళ్లిపోయారు. మేము నిలబడ్డచోటే నిలబడ్డాం... టౌన్ బడి జంటకు అందరూ చప్పట్లు కొట్టారు.

యాడి మమ్మల్ని బస్సు దగ్గరికి తీసుకుపోలేదు. నేరుగా గుట్ట కిందికి నడిపించింది. ఎర్రగుడ్డలు ఇంకా తీయలేదు. "ఎట్ల ఉరికినవో నాకు చూపియ్యి," అంది అక్కతో. లంగా కుచ్చిళ్లు నడుములో దోపుకుని, గాజులు మోచేతి దాకా జరుపుకుని, మాతో పాటు ఉరికింది. ఏడోదాని దగ్గర మ్యాపు తానే తీసుకుంది. ఎనిమిదోది తానే పట్టింది. రాయి వెనక ఎర్రగుడ్డ కనపడగానే నవ్వింది. అక్క నవ్వలేదు. పన్నెండూ అయ్యాక అక్క మ్యాపు నా చేతిలో పెట్టి, "నువ్వే ఉంచుకో," అంది.

మరుసటి ఏడు సారు మారారు. నేను గెలిచి క్యాంపుకు పోయాను. అక్కే నా బ్యాగు సర్దింది. పోకుండా ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది... అప్పుడు అనిపించలేదు. సంబరంగా పోయాను. నా మీద నాకున్న కోపం అది.

ఇప్పుడు సెలవు దొరికితే నేను ఈ పోటీలకే పోతాను. మొన్న శనివారం ఒక్కదాన్నే ఉరికాను. ఆదివారం మా ఆయన, మా బిడ్డ, నేను... ఒకే మ్యాపు మీద ముగ్గురం కొట్లాడుకుంటూ ఉరికాం. అక్కను కూడా రమ్మన్నాను. "నువ్వు ఉరుకు పో చెల్లె. నాకు ఆడ ఏం పని," అని ఫోన్ పెట్టేసింది. అక్క బోధన్‌లో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. పొలాల పటాలు అర్థం కాకపోతే ఆఫీసంతా ఆమె బల్ల దగ్గరికే వస్తుందట.

ఈ రోజుల్లో ఎవరు ముందొచ్చారో మిషనే చెప్పేస్తుంది... ఎవరి నాన్నా సారును పక్కకు తీసుకెళ్లే పని లేదు. మంచిదే. మా అక్కకు మాత్రం అది చాలా ఏళ్లు ఆలస్యంగా వచ్చింది.

మీ బడిలో కూడా గెలిచినా పేరు రాని పిల్లలు ఉండే ఉంటారు. వాళ్ల పేర్లు ఇక్కడ కింద రాయండి... మొదటిది నేను రాస్తున్నా.

కమ్లి. పదో తరగతి. ఫస్ట్.