కండక్టరమ్మ చేతి ముద్ద

విజయశ్రీ ఖమ్మం డిపోలో కండక్టర్‌గా చేసింది. కిక్కిరిసిన బస్సులో చూడకుండానే, చేతికి తగిలిన నోటు పదో యాభయ్యో చెప్పేసేది. టికెట్ ఎగ్గొడదామనుకునేవాళ్ళ పప్పులు ఆమె దగ్గర ఉడికేవి కావు. పొద్దున్నే డ్యూటీకి పరుగెడుతూ కూతురు నీహారిక నోట్లో నాలుగు కందిపొడి ముద్దలు కుక్కేది. ఆ పిల్ల కావాలనే వేలు కొరికేది. "అబ్బ! రాక్షసీ!" అని తల్లి కేకేస్తేగాని దానికి తిన్నట్టుండేది కాదు.

ఇప్పుడా పిల్లకి ముప్ఫై దాటాయి. అమెరికాలో, బాతెల్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కూతురి దగ్గర ఆర్నెల్లు ఉండి పోదామని వచ్చిన విజయశ్రీకి ఇక్కడే రొమ్ము క్యాన్సర్ బయటపడింది. ఇది పాత జబ్బేనని విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్ళు చేతులెత్తేశారు. ఎంత చక్కగా చెప్పారో మహానుభావులు! నీహారిక కారు అమ్మేసి, ఆఫీస్‌కి బస్సెక్కింది. "కండక్టర్ లేని బస్సు కూడా ఒక బస్సేనా?" అని విజయశ్రీ నవ్వింది గానీ, ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

కీమో మొదలయ్యాక జుట్టు ఊడింది, నోరు పూసింది. అవన్నీ ఇద్దరూ ఎలాగో ఓర్చుకున్నారు. నీహారిక ఓర్చుకోలేనిది ఒక్కటే. అమ్మ అన్నం కలిపి పెట్టడం మానేసింది. అడిగితే "చేతికి మందుల వాసనే, నువ్వే తిను" అంటుంది. తనేమో చెంచాతో తింటుంది. ఇంత వయసొచ్చి ఇదేం కోరిక అని సిగ్గుపడుతూనే, బస్సులో కూర్చున్నంతసేపూ నీహారిక ఆ ముద్దకు మొహం వాచిపోయేది.

ఒక శుక్రవారం వానలో తడిసి వచ్చి, తల్లి పక్కన చతికిలబడింది. "ఇయ్యాల నువ్వు పెడితేనే తింట."

విజయశ్రీ కాదనలేకపోయింది. కుక్కర్ మూత తీసి, పొగలు కక్కే అన్నంలో నెయ్యి, కందిపొడి వేసి, గబగబా కలిపి పెట్టింది. నీహారిక నాలుక చుర్రుమంది. కళ్ళ నీళ్ళతో మింగి, తల్లి చేతివంక చూసింది. వేళ్ళు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

"అమ్మా, నీకు కాల్తలేదా?"

విజయశ్రీ చెయ్యి వెనక్కి దాచుకుంది. "మూడో కీమో నుంచి వేళ్ళకు ఏం తెలుస్తలేదే. చెప్తే ఇంకో టెస్ట్ అంటరు, ఇంకో బిల్ అంటరు. నీ కారు పోయింది చాలదా?"

"ఏం కారు, నా బొంద! నీ చేతులకన్నా ఎక్కువనా?" అని చెడామడా తిట్టి, ఆ చేతిని నల్లా కింద పట్టుకుని, నీహారిక వెక్కి వెక్కి ఏడ్చింది.

డాక్టర్ మందు మోతాదు తగ్గించింది. ఈ సంగతి ముందే చెప్పాల్సిందంది. స్పర్శ తిరిగి రావచ్చు, నెలలు పట్టచ్చు, పూర్తిగా రాకపోవచ్చు కూడా అంది.

ఇప్పుడు అన్నం వేడి నీహారికే చూస్తుంది. కాస్త చల్లారాక కంచం తల్లి ముందుకు జరుపుతుంది. విజయశ్రీ కలిపి, ముద్ద చేసి, ఎక్కడ జారిపోతుందోనని తన వేళ్ళవంకే చూసుకుంటూ కూతురి నోటిదాకా తెస్తుంది.

మొన్న నీహారిక ముద్దతోపాటు వేలు కూడా కొరికింది, చిన్నప్పటిలాగే. ఇంకాస్త గట్టిగానే. కొరికి, తల్లి మొహంలోకి చూస్తూ ఆగింది.

"ఇంకొంచెం నెయ్యి వెయ్యనా?" అంది విజయశ్రీ.