మంచె మీది కేక

భూములు పోయినా వంశం మీద మాట పడనిచ్చేవాణ్ని కాదు. ఎనిమిదేళ్ల మా అమ్మాయికి చక్కెర జబ్బని తేలిన రోజు, “ఇది మా వైపుది కాదు” అని నా భార్యతో అన్నాను. తర్వాత ఆమె నాతో మాట్లాడడం తగ్గించింది.

చింతపల్లి దారిలో జీపు టీకి ఆగినప్పుడు ఆమె కొంగు చాటున పాపకు ఇన్సులిన్ సూది వేసింది. పక్కనున్న కొండరైతు చూశాడు.

“మా సిన్న గుంటకీ అదే జబ్బు బాబూ. రోగాల్ని తరిమే కాపలావోళ్లు ఒంట్లోనే ఉంటారంట. ఆళ్లే పొరబడి, ఈ సూదిమందుని ఒంట్లో తయారుసేసేదాన్ని సంపేసారని డాక్టరమ్మ సెప్పింది.”

“పొరబడడమేమిటి?”

“సేలో మంచె మీదోడు పందొచ్చిందని కేకేత్తాడు. పక్క మంచెలోళ్లూ కేకలందుకుంటారు. అందరూ దిగి సీకట్లో సొంత ఆవునే కొట్టి సంపేత్తారు.”

“ఎవరి వైపు నుంచి వస్తుందట?”

నా భార్య తల తిప్పుకుంది.

“ఆవు పోయాక ముందు కేకేసినోణ్ని ఎతికి ఏటి సేత్తాం బాబూ? దూడని సూసుకోవాల.”

ఆ సాయంత్రం సూది వెయ్యడం నేర్పమని నా భార్యను అడిగాను. ఆమె నా చెయ్యి పట్టుకుని చూపించింది.