పదకొండు కొలతల గౌను

నేను పాలిటెక్నిక్ రెండో సంవత్సరం చదువుతున్నప్పటి మాట. మేం నాంపల్లిలో ఉండేవాళ్లం. ఆబిడ్స్‌లో ఓ పాత సినిమా చూసొచ్చిన పదేళ్ల చెల్లెలు సరళ, వేసవి సెలవుల ముందు జరిగే బడి వార్షికోత్సవంలో అందులో హీరోయిన్ వేసుకున్నలాంటి గౌను వేసుకునే పాడతానని పట్టుబట్టింది. అమ్మ కుట్టుమిషన్ తొక్కడం నాకు వచ్చు. డ్రాయింగ్‌లో క్లాసుకే మొదటివాణ్ణి. ఇంకేం, ఒప్పుకున్నాను.

"కదలకు, ఊపిరి బిగవట్టు" అంటూ పదకొండు కొలతలు తీసి గ్రాఫు కాగితం మీద గీశాను. పసుపు పూల వాయిల్ బట్ట, సన్నని నడుము, గొడుగులా విచ్చుకునే కుచ్చులు, వీపున ఆరు గుండీలు. గీతకు వెంట్రుకవాసి తేడా లేకుండా కుట్టాను.

"అన్నా, జర బిర్రుగున్నది."

"ఫిట్టింగంటే గట్లనే ఉంటది. ఫికర్ చెయ్యకు."

వేదిక మీద పల్లవి బాగానే పాడింది. చరణం కోసం గట్టిగా ఊపిరి పీల్చగానే టప్ టప్‌మని నాలుగు గుండీలు ఎగిరి వెనకున్న మాస్టారి హార్మోనియం మీద పడ్డాయి. సరళ మాత్రం చేతులు వెనక్కి పెట్టి గౌను పట్టుకుని, హీరోయిన్‌లా ఊగుతూ పాట పూర్తి చేసింది. చప్పట్లే చప్పట్లు!

ఇంటికొచ్చాక అమ్మ నా కాగితం చూసి నవ్వింది. "గిన్ని రాసినవ్, పిల్ల ఊపిరి పీలుస్తదని రాయకపోతివేందిరా?"

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆఫీసులో ఏ డ్రాయింగ్ ఇచ్చేముందైనా, ఆ పాత కాగితం అడుగున సరళ పెన్సిలుతో రాసిన వరుస గుర్తొస్తుంది: "పన్నెండు: ఊపిరికి, రెండు వేళ్ల వదులు."