అంబలితో తీరని తగువు

సాయంత్రం మంచు దిగే వేళకి మా కొండవాలు మీంచి కర్రగంట చప్పుడు వస్తుంది. ఇత్తడి గంటలా ఖంగుమనదు. ఎండిన చెక్కకి చెక్క తగిలి లొటలొటమంటుంది. మా వైపు ఆవుల మెడలో కట్టేది అదే. అది చెవిన పడగానే ఏ పనిలో ఉన్నా ఆగిపోతాను. జీపు తుడుస్తుంటే గుడ్డ అద్దం మీదే ఉండిపోతుంది. ఎవరినో ఆట పట్టిస్తుంటే మాట సగంలో తెగిపోతుంది. ఒక ఊపిరి లోపలికి, ఒకటి బయటికి. కొత్తవాళ్లు చూస్తే నాకు మూర్ఛ రోగం ఉందనుకుంటారు. ఇది సుజాతమ్మగారు అంటించిన రోగం. ఆవిడ పోయారు, రోగం మిగిలింది.

ఆవిడ మైదానం నుంచి ఉద్యోగం మీద వచ్చిన నర్సు. ఏళ్ల తరబడి మా కొండల్లో సూదులు పొడిచి, పురుళ్లు పోసి, రిటైరయ్యాక కూడా కిందికి దిగిపోకుండా మా ఊరి చివర రెండు గదుల ఇంట్లో ఉండిపోయారు. వాళ్లది బౌద్ధం. గోడ మీద బుద్ధుడి పటం తప్ప ఇంట్లో ఇంకో దేవుడు లేడు. నేను అరకు సంతకి జీపు తోలేవాణ్ణి. ఆరో తరగతి మధ్యలో బడి మానేశాను గానీ నా నోరు మాత్రం పైచదువులు చదివింది. సంత రోజున ముందు సీటు ఆవిడది. నోరు తెరిచే ముందు ఒక్క క్షణం ఆగాలనీ, అనబోయేది నిజమేనా, ఎదుటివాడికి పనికొస్తుందా, వాడి మీద దయతోనే అంటున్నామా అని చూసుకోవాలనీ, బుద్ధుడు నేర్పింది అదేననీ దారి పొడుగునా చెప్పేవారు.

"పెళ్లాన్నీ పిల్లడ్నీ నిద్దట్లో ఒగ్గేసి సెప్పకుండా ఎల్లిపోయినోడు, మనకి మాటలు నేర్పుతాడేటమ్మా?" అన్నాను ఒకసారి. జీపంతా గొల్లుమంది. అందరికంటే ఎక్కువ ఆవిడే నవ్వారు. నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఎల్లిపోయినోడేరా గాసీ. మళ్లీ ఆ గుమ్మంలోకే వచ్చి ఆళ్ల ఏడుపంతా ఇన్నాడు. నువ్వు ఇంతమందిని నవ్విస్తన్నావు, బాగానే ఉంది. ఎవులి మాటైనా సివరిదాకా ఇన్నావేటి?" అన్నారు. జీపు మలుపులోకి తిప్పాను. ఆ మలుపు దాటేదాకా హారన్ కూడా కొట్టలేదు.

ఆవిడకి గుడిగంట లేదు. మా ఆవులే గంట అనేవారు. మంద ఇంటికొచ్చే వేళ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఆ చప్పుడు వినబడినప్పుడల్లా నోరు మూయించి, ఊపిరి చూసుకోమనేవారు. "నోరు ముయ్యడానికి ఆవు సాయం కావాల్సొచ్చింది సూడు" అని వేళాకోళం ఆడేవాణ్ణి. ఆడుతూనే వెళ్లేవాణ్ణి.

అంతలో మా అమ్మ పోయింది. నేను కిరాయికి గూడెం కొత్తవీధి వెళ్లి ఉన్నాను. వచ్చేసరికి మట్టి కప్పేశారు. మా అన్న సుక్రు, మేం దాదా అంటాం, అప్పటికే చర్చి మతంలో చేరాడు. పాస్టరు చేత ప్రార్థన చేయించి అమ్మని పూడ్చిన చోట సిలువ పాతించాడు. మాలో పోయినవాళ్లకి రాయి నిలబెట్టడం ఆచారం. అయ్య రాయి పక్కన అమ్మకని చోటు ఉంచాం. నేను అక్కడ రాయి నిలబెట్టాను. దాదా వచ్చి పీకి పారేశాడు. ఆ రోజు నుంచి ఒకే వాకిట్లో రెండు పొయ్యిలు, రెండు మూతబడ్డ నోళ్లు.

సుజాతమ్మగారు మా ఇద్దరినీ తన అరుగు మీదికి పిలిచారు. ఊరిపెద్దనీ పిలిచారు. ఒకడు చెప్పింది రెండోవాడు తిరిగి చెప్పాలి. మొదటివాడు "అవును, అదే" అనేదాకా తన మాట ఎత్తకూడదు.

దాదా నేల చూస్తూ అన్నాడు. "అమ్మ నా సెయ్యట్టుకుని ప్రార్థన సెయ్యమంది. నువ్వు ఊళ్లో నేవు. నానొక్కడినే ఉన్నాను."

నా నాలుక చివర ఒక ఎకసెక్కెం సిద్ధంగా ఉంది. మింగేశాను. "అమ్మ ప్రార్థన అడిగింది. నాను ఊళ్లో నేకపోయాను. నువ్వొక్కడివే ఉన్నావు."

"అవును, అదే" అన్నాడు.

నా వంతు వచ్చింది. "అయ్య పక్కన సోటు ఖాళీగా ఉంటే, అమ్మ ఇంకా ఇంటికి రానట్టుంది దాదా." వాడు ఆ మాట తిరిగి చెప్పబోయి, సగంలో ఏడ్చేశాడు. వాడు ఏడవడం చిన్నప్పుడు చూశాను, మళ్లీ అప్పుడే.

మా ఊళ్లో తగువు తీరిందంటే ఇద్దరూ ఒకే సొరకాయ బుర్రలోంచి జీలుగు చెట్టు కల్లు తాగాలి. అందాకా ఎన్ని మాటలైనా గాలికే. సుజాతమ్మగారు కల్లు ముట్టరు, దాదాకి చర్చి ఒప్పదు. అందుకని ఆవిడ బుర్రలో చోడిపిండి అంబలి పోసి మా చేతికిచ్చారు. ఇద్దరం తాగాం. ఊరిపెద్ద మాత్రం తువ్వాలు దులుపుకుని లేచాడు. "అంబలితో తగువు తీరదమ్మా. రేపు ఈళ్లు మళ్లీ కొట్టుకుంటే సాచ్చిం ఎవులు? పోయిన పెద్దలకి సుక్క పొయ్యనేదు, ఆళ్లకెలా తెలుస్తాది?" అన్నాడు. ఆదివారం చర్చిలో ఇంకో మాట లేచింది. సుక్రు బుద్ధుడి పటం ముందు మోకరిల్లాడట. వాడు కూర్చున్నది పటం ఉన్న గోడకి అవతల అరుగు మీద. కానీ ఎవరు వింటారు? అక్కడ మొహం చెల్లాలంటే వాడు మళ్లీ నా మొహం చూడకూడదు. చూడటం మానేశాడు.

"మీ ఇద్దరి మాటా ఇన్నాను గాసీ. ఊరి మాట ఇన్నేదు" అన్నారు సుజాతమ్మగారు. ఆ తర్వాత ఆవిడ అరుగు మీద పెద్దగా కూర్చోలేదు.

జబ్బు ముదిరాక నా జీపులోనే కిందికి దించాను. ఘాట్ రోడ్డులో వెనక సీటులో పడుకుని, "మీ దాదా మాటాడేడా?" అని అడిగారు. మాటాడేడని చెబితే ఆవిడ హాయిగా కళ్లు మూసుకునేవారు. దయ లెక్కకి అది సరిపోయేది, నిజం లెక్కకి సరిపోదు. రెండూ కలిసిన మాట కోసం వెతికాను. దొరకలేదు.

"నేదమ్మా."

"సరే. నువ్వు మాత్రం ఆగడం మానీకు."

అంతే. ఆవిడ మళ్లీ కొండెక్కలేదు.

ఇప్పుడు అమ్మ ఆవు దాదా మందలో ఉంది. రోజూ సాయంత్రం నా గుమ్మం ముందు నుంచే తోలుకుపోతాడు. గంట వినగానే ఆగుతాను. ఊపిరి చూసుకుంటాను. నిజమైన మాట, మెత్తని మాట, ఒకటి తయారుగా పెట్టుకుంటాను. ఇన్నాళ్లుగా అరగదీసి అరగదీసి ఇప్పుడది "దాదా" అన్న ఒక్క పిలుపుగా మిగిలింది. అంటాను కూడా. వాడు కర్ర భుజం మార్చుకుని పోతాడు. ఆవు మాత్రం నన్ను గుర్తుపట్టి తల తిప్పుతుంది. ఆ తిప్పడంతో గంట ఇంకోసారి మోగుతుంది. నేను మళ్లీ ఆగుతాను.