కెమెరాకు చూపించిన చేతులు

మా పక్కింటి అంకుల్ పోయారని మంగళవారం పొద్దున ఆంటీ ఫోన్ చేసింది. నేనప్పుడే డబ్లిన్ శివార్లలో, లెపర్డ్స్‌టౌన్‌లో ఆఫీసు మెట్లెక్కుతున్నాను. "నిద్రలోనే పోయారమ్మా. కాఫీ కలిపి పిలిస్తే పలకలేదు" అంది. ఏడవలేదు. "నీకు మీటింగులుంటాయేమో, అయ్యాకే రా" అని కూడా అంది. ఆవిడ సంగతి అంతే, ఇల్లు మునిగిపోతున్నా పక్కవాళ్ళ ఇబ్బంది చూస్తుంది. నేను మెట్ల మీంచే వెనక్కి తిరిగి లువాస్ ట్రామ్ ఎక్కేశాను.

అంకుల్ కేసినోలో పనిచేసేవారు. ఈ మాట ఇంత సూటిగా రాస్తుంటే నాకే కొత్తగా ఉంది. ఇక్కడి మా తెలుగు పార్టీల్లో ఎవరూ అలా అనేవారు కాదు. ఆంటీ "హోటల్ లైను" అనేది, మిగతావాళ్ళు ఇంకాస్త ఇస్త్రీ చేసి "హాస్పిటాలిటీ" అనేవారు. మేమంతా కంప్యూటర్ల ముందు కూర్చునేవాళ్ళం, ఆయన పేకముక్కలు పంచే మనిషి. వయసులో ఉండగా ఓడల మీద కేసినోల్లో ఆ పని నేర్చుకుని, తిరిగి తిరిగి డబ్లిన్‌లో ఒక క్లబ్బులో కుదురుకున్నారు. నేను ఆఫీసుకు బయల్దేరే వేళకు ఆయన డ్యూటీ దిగి వచ్చేవారు. లువాస్ స్టాపులో ఎదురయ్యేవాళ్ళం.

"ఏమ్మాయ్, తిన్నావా?"

"తిన్నా అంకుల్."

"మొహం చూస్తే తెలవట్లా" అని కోటు జేబులోంచి బిస్కెట్ల ప్యాకెట్ తీసి చేతిలో పెట్టేవారు.

పెట్టాక ఒకటి చేసేవారు. రెండు చేతులూ ఒకసారి మెల్లిగా తట్టి, వేళ్ళు విడదీసి, అరచేతులు పైకీ కిందకీ తిప్పేవారు. కేసినోలో టేబుల్ వదిలి లేచేటప్పుడు అలా చేయాలట. చేతిలో ఏమీ దాచలేదని పైనున్న కెమెరాకు చూపించడం. కెమెరా లేని చోట కూడా ఆయన చేతులు ఊరుకునేవి కావు. దోశ పెట్టినా, ప్రసాదం పంచినా, కొట్లో చిల్లర తీసుకున్నా అదే. నా కాన్పుకు మా ఆయన వీసా గొడవలో ఇండియాలో ఇరుక్కుపోతే, నెలరోజులు నాకు పథ్యం వండింది అంకులే. వెల్లుల్లి కారం అన్నంలో కలిపి, పళ్ళెం నా ముందు పెట్టి, చేతులు తిప్పి చూపించేవారు. ఎంత ఏడుపులో ఉన్నా నాకు నవ్వొచ్చేది.

ఆ కాన్పులో పుట్టిన మా అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లీషే. "యు ఆర్ గ్రాండ్, అంకుల్, నో వన్ ఈజ్ వాచింగ్" అనేది, అంటే ఫర్వాలేదులే, ఎవరూ చూడట్లేదని. "ఎవరో ఒకరు చూస్తానే ఉంటారు తల్లీ" అనేవారు ఆయన. నవ్వుతూనే అనేవారు కానీ, కళ్ళు మాత్రం ఒకసారి గది పైమూలకు పోయి వచ్చేవి.

మా వినాయక చవితి ఒక అద్దె హాల్లో జరుగుతుంది. కుర్చీలు వేయడం దగ్గర్నుంచి పులిహోర కలపడం దాకా అంకుల్ చేయని పని లేదు. హుండీ దగ్గరికి మాత్రం వచ్చేవారు కాదు. అది బయటికి తీశారంటే కారు పార్కులోకి వెళ్ళిపోయేవారు. పేకాట డబ్బు దేవుడికి పనికిరాదనేమో అని ఎవరో గొణిగారు కూడా. నా నోరు ఊరుకోదు కదా, ఒక ఏడాది ఆయన వెనకే వెళ్ళి అడిగేశాను.

"ఏంటంకుల్, దేవుడితో ఏమన్నా తగాదానా?"

"తగాదా కాదమ్మాయ్. నేనే ఆయనకో తలనొప్పి అంటగట్టా. వానలో ఎందుకు, కారెక్కు."

అద్దాలు మసకబారిన ఆ కారులో కూర్చుని చెప్పారు. క్లబ్బులో చేరిన కొత్తల్లో, డ్యూటీ దిగి వస్తుంటే ఒక స్టూలు కింద కవరు కనిపించింది. అందులో నోట్లు. అలాంటివి పనివాళ్ళు ముట్టుకోకూడదు, సూపర్‌వైజర్‌ని పిలవాలి. ఆయన పిలవలేదు. ఆ మూల కెమెరాకు ఆనదని తెలుసు. తీసి కోటులో పెట్టుకున్నారు.

"తినేద్దామని కాదు, ఒట్టు. క్లబ్బుకిస్తే, ఎవరూ రాకపోతే అది క్లబ్బుదే అయిపోద్ది. జనాన్ని పిండేది చాలక ఇది కూడానా అనుకున్నా. దేవుడికిచ్చేస్తే పోలా? మన ఇళ్ళల్లో అట్నే చేస్తాంగా."

నిజమే. దారిలో నోటు దొరికితే మా అమ్మ కూడా కళ్ళకద్దుకుని హుండీలో వేయమనేది. అక్కడితో దాని సంగతి మరిచిపోయేవాళ్ళం. పోగొట్టుకున్నవాళ్ళు ఒకరుంటారని నాకు ఎప్పుడూ తట్టలేదు.

ఆ ఏడాది చవితికి అంకుల్ ఆ నోట్లన్నీ హుండీలో వేశారు. వేసి తిరిగేసరికి పూజారి పళ్ళెంతో ఎదురొచ్చి గోత్రనామాలు అడిగారు.

"ఎవరి పేరు చెప్పను? నా గోత్రం, నా పేరు, మీ ఆంటీ పేరు, పిల్లాడి పేరు చెప్పా. నోట్లోంచి అవే వచ్చినయ్. డబ్బు ఎవడిదో, అక్షింతలు నా నెత్తిన. పుణ్యం కూడా నేనే కొట్టేశానమ్మాయ్."

తర్వాత డ్యూటీకి వెళ్ళేసరికి, టోపీ పెట్టుకున్న ఒక ఐరిష్ ముసలాయన మోకాళ్ళ మీద వంగి స్టూళ్ళ కింద వెతుకుతున్నాడట. ముక్కలు పంచుతున్న అంకుల్‌ని "బాబూ, ఇక్కడ నీకేమన్నా కనిపించిందా?" అని అడిగాడట. అంకుల్ తల అడ్డంగా ఊపారు. విరామం రాగానే లేచి, చేతులు తట్టి, కెమెరాకు చూపించారు. "ఖాళీ చేతులే. అయినా కెమెరా వంక చూడలేకపోయా" అన్నారు నాతో.

ముసలాయన మళ్ళీ క్లబ్బుకు రాలేదు. కానీ అంకుల్‌ని వదల్లేదు. బస్సు అద్దంలో, చర్చి మెట్ల మీద, పాల ప్యాకెట్ల వరసలో, టోపీ ఉన్న ప్రతి మనిషీ ఆయనే అనిపించేవాడు. జీతంలోంచి అంత డబ్బూ కూడబెట్టి, కవర్లో పెట్టి, ఏళ్ళ తరబడి కోటులో మోశారు. చివరికి ఒక ఆదివారం సముద్రం ఒడ్డున బెంచీ మీద నిజంగానే ఆయన కనిపించాడు. అంకుల్ అంతా చెప్పి కవరు చాపారు.

ముసలాయన దాన్ని ముట్టుకోలేదు. "నేను వెతికింది డబ్బు కాదు బాబూ. పోయిన మా ఆవిడ మెళ్ళోని మేరీమాత బిళ్ళ. డబ్బయితే వెతుకుతానా? అక్కడికి వెళ్ళేదే పోగొట్టుకోడానికి కదా" అన్నాడట.

"మరి ఆ కవరు ఎవరిది అంకుల్?"

"అదే గదా. అప్పటిదాకా ఒక్క మొహం వెంటపడేది. ఇప్పుడు ఎవర్ని చూసినా వీళ్ళదేనేమో అనిపిస్తది."

నేను తెలివిగా, ఏదైనా ఛారిటీకి ఇచ్చేయమన్నాను. "ఒకసారి ఇచ్చాగా. దేవుణ్ణి మించిన ఛారిటీ ఏముంది? ఇమ్మని పోగొట్టుకున్నవాడు చెప్పాడా?" అన్నారు. నాకు కోపమొచ్చింది. కారు దిగి హాల్లోకి వచ్చేశాను.

ఆ వారమే ఆయన క్లబ్బులో ఉన్నదున్నట్టు చెప్పి ఉద్యోగం మానేశారు. గార్డుల దగ్గరికి, అంటే ఇక్కడి పోలీసుల దగ్గరికి వెళ్ళి కవరు అప్పగించారు. చాలాకాలానికి వాళ్ళు పిలిచి, ఎవరూ రాలేదు, ఇక మీరే ఉంచుకోండి అని తిరిగి ఆయన చేతికే ఇచ్చారు. ఆ సాయంత్రం నన్ను పిలిచి బల్ల మీద కవరు చూపించారు. "చూశావా, ఇల్లు వెతుక్కుంటా వచ్చింది" అన్నారు. ఆయన మొహం చూసి నాకు భయమేసింది. తర్వాత దాన్ని వంటింటి అల్మారాలో, పైఅరలో జంతికల డబ్బా వెనక పెట్టారు. ఎన్ని ఇబ్బందులొచ్చినా ఇద్దరూ దాని జోలికి పోలేదు.

ఇక్కడ అంత్యక్రియల ముందు మనిషిని పెట్టెలో ఉంచి అందరినీ చూడనిస్తారు. వచ్చినవాళ్ళు వరసలో కదులుతూ ఇంటివాళ్ళ చేయి పట్టుకుని సానుభూతి చెబుతారు. ఆంటీ పక్కన నేను నిలబడ్డాను. క్లబ్బులో పనిచేసినవాళ్ళు, అక్కడ ఆడినవాళ్ళు, నాకు తెలియని మొహాలు ఎన్నో వచ్చాయి. నాకేం పట్టిందో, చేయి కలిపిన ప్రతివాళ్ళ కళ్ళలోకీ చూశాను. ఇతనిదా? ఈవిడదా? అంకుల్ ఇన్నేళ్ళూ ఇలాగే బతికారా అనిపించింది.

అంకుల్ చేతులు పొట్ట మీద ఒకదాని మీద ఒకటి పెట్టి ఉన్నాయి. ఆంటీ చాలాసేపు వాటినే చూసింది. తర్వాత ముందుకు వంగి, రెంటినీ విడదీసి, అరచేతులు పైకి తిప్పింది. "ఇట్లాగే ఉండనీ" అంది. మా అమ్మాయి తలెత్తి పైకప్పు వంక చూసింది.

పెద్దకర్మ అయ్యాక ఆంటీ కార్క్ అనే ఊళ్ళో ఉన్న కొడుకు దగ్గరికి బయల్దేరింది. వెళ్తూ ఆ కవరు తెచ్చి నాకిచ్చింది.

"దీన్ని అక్కడికి తీసుకుపోలేనమ్మా. హుండీలో వెయ్యకు. ఎవరన్నా వస్తే ఇవ్వు."

"ఎవరొస్తారు ఆంటీ?"

ఆవిడ నా బుగ్గ తడిమి కారెక్కింది.

నేను లోపలికొచ్చి, కుర్చీ వేసుకుని, మా వంటింటి అల్మారా పైఅరలో కవరు పెట్టి తలుపు మూశాను. దిగేసరికి నా చేతులు వాటంతటవే ఒకసారి తట్టుకుని, వేళ్ళు విడదీసుకుని పైకి తిరిగాయి. తలెత్తి చూశాను. పైకప్పుకు ఉన్న పొగ అలారంలోని చిన్న ఎర్ర దీపం ఒక్కసారి వెలిగి ఆరింది.