బావ పేరున నేను చెప్పిన జవాబు

మొన్న మా మేనకోడలి కూతురు తన ఫ్రెంచ్ హోంవర్కు ఫోటో తీసి నా ఫోనుకు పంపి, కింద "తాతా, జర జల్దీ" అని రాసింది. ఎనిమిదో తరగతి పిల్ల. మాదాపూర్, కొండాపూర్ బళ్లలో తెలుగు తప్పించుకోవడానికి పిల్లలు ఫ్రెంచ్ తీసుకుంటున్నారని మా ఈడువాళ్లం గొణుక్కుంటూ ఉంటాం గానీ, జీవితమంతా ఆ ఫ్రెంచ్ చెప్పుకునే పొట్ట పోసుకున్నవాణ్ణి కనుక గొణిగే హక్కు నాకు లేదు. పది క్రియలిచ్చి, రేపటికి వండేసి ఉంటాను, ఎల్లుండికి చేరిపోయి ఉంటాను అన్నట్టుగా, ఇంకా జరగని పనిని జరిగిపోయినట్టే చెప్పే కాలంలోకి మార్చమన్నారు. అవి నాకు నాలుక చివరనే ఉన్నాయి. చివర ఒక ప్రశ్న ఉంది: ఈ ఏడాది ముగిసేసరికి మీరు ఏమేం చేసి ఉంటారు? అది చదివాక ఫోను బల్లమీద బోర్లా పెట్టేశాను.

సైబర్ టవర్స్ గుండ్రటి భవనాన్ని చూడటానికి జనం పిల్లాపాపలతో వచ్చే రోజుల్లో, దానికి కాస్త దూరంలో ఒక జిరాక్స్ షాపు మీది గదిలో నేను ఫ్రెంచ్ చెప్పేవాణ్ణి. కింద మిషను ఒకే కాగితాన్ని వందసార్లు తీస్తుంటే, పైన నేనూ అదే పని నోటితో చేస్తున్నానని నవ్వుకునేవాణ్ణి. ఈ కాలం దగ్గరికొచ్చేసరికి మా విద్యార్థులకు హుషారు పుట్టేది, ఎందుకంటే అందులో చాలా క్రియలకు 'నేను' అన్నప్పుడల్లా 'జోరే' అనాలి. జోరే జోరే అంటూ నలభై మంది సాఫ్ట్‌వేర్ పిల్లలు ఒక్క గొంతుతో అరిస్తే కింద షాపాయన కర్రతో పైకప్పు పొడిచేవాడు. ఆ జోరంతా వాళ్లదనుకునేవాణ్ణి గానీ, అసలు జోరు నాదేనని తర్వాత తెలిసింది.

ఆదివారాలు నాకొక ప్రత్యేక విద్యార్థి ఉండేవాడు. మా అక్క భర్త, మా బావ. జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగు సెక్షన్లో ఉండేవాడు. అక్కడి మాత్రలు ఫ్రెంచ్ మాట్లాడే ఆఫ్రికా దేశాలకు వెళ్లేవి, ప్రతి డబ్బాలోనూ మడిచిపెట్టే కాగితం ఫ్రెంచ్‌లో ఉండేది. అచ్చులో తప్పులున్నాయేమో అక్షరం అక్షరం పోల్చి చూడటం బావ పని. ఏళ్ల తరబడి పోల్చి పోల్చి, ఎవరూ చెప్పకుండానే ఆ భాష సగం కళ్లతో నేర్చేసుకున్నాడు. మిగతా సగం నేను నేర్పానని చెప్పుకుంటాను గానీ, నా దగ్గర నేర్చినవాళ్లలో అంత శుభ్రంగా రాసినవాడు మరొకడు లేడు. మాట్లాడమంటే మాత్రం మందు కాగితమే బయటికొచ్చేది. పిల్లలకు అందకుండా ఉంచవలెను, భోజనానంతరం రోజుకు రెండుసార్లు, అని అక్కకు ఫ్రెంచ్‌లో వడ్డన సూచనలిచ్చేవాడు. అక్క అట్లకాడ చూపించేది.

ఒకరోజు పక్క షెడ్డులో రియాక్టరు పేలింది. బావకు ఒంటిమీద గీత కూడా పడలేదని అందరూ సంతోషించారు. దవాఖానలో రెండో రోజున తెలిసింది, చెవులు పోయాయని. ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే పెదవులు చూసి తెలుగు పట్టుకునేవాడు, ఫోను మాత్రం ఆయనకు ఉత్త ప్లాస్టిక్కు ముక్క. ఫ్యాక్టరీవాళ్లు ఇక రావద్దన్నారు. ఏడాదికి పైగా ఇంట్లో కూర్చుని, తెచ్చుకున్న పాత మందు కాగితాలనే తప్పులు దిద్దుతూ ఉండిపోయాడు.

అప్పుడే మాదాపూర్‌లో ఒక కంపెనీవాళ్లు, సరిగ్గా అలాంటి మందు కాగితాలే ఫ్రెంచ్‌లో రాసిపెట్టడానికి మనుషులు కావాలన్నారు. రాత పరీక్ష బావ తనకు తానుగా రాసి, అందరికంటే పైన నిలిచాడు. ఇక మిగిలింది పారిస్ నుంచి ఒక మేడమ్ చేసే ఫోన్ ఇంటర్వ్యూ ఒక్కటే. బావ ఉన్నదున్నట్టు చెప్పేద్దామన్నాడు.

"చెవులు పోయినయని రాసిస్త. రాసే పనికి చెవులెందుకు?"

చెబితే తీసుకోరని నేను పట్టుబట్టాను. ఒకరి బదులు ఇంకొకరు ఫోన్ ఇంటర్వ్యూలు చెప్పడం అప్పటికే మా వీధిలో హాస్టళ్లలో మామూలు సంగతి, అందులో తప్పుందని కూడా ఎవరికీ తోచేది కాదు. చివరికి బావ, నీ ఇష్టం బామ్మర్దీ అన్నాడు.

ఆ మధ్యాహ్నం నా గదిలోనే ఫోను మోగింది. బావ ఎదుటి బెంచీమీద కూర్చుని, తన భవిష్యత్తును నా పెదవులమీద వెతుక్కుంటున్నాడు. మేడమ్ మందుల గురించి అడిగింది, అనుభవం గురించి అడిగింది, బావ చెప్పినవే చెప్పాను. చివరికి వ్యాకరణం చూడటానికి కాబోలు, ఈ ఏడాది ముగిసేసరికి మీరు ఏమేం చేసి ఉంటారు అంది. పని బాగా నేర్చుకుని ఉంటాను అని ఆపేస్తే అయిపోయేది. కానీ నలభై మంది మెచ్చుకునే పంతులికి, అసలు ఫ్రెంచ్ మనిషి మొదటిసారి దొరికింది. అప్పటికింకా చిన్నపిల్లైన మేనకోడల్ని తలుచుకుని, బావ మాటగా, మా అమ్మాయి సైకిల్ తొక్కడం నేర్చేసుకుని ఉంటుంది, దాని వెనకాల పరుగెత్తి నా బొజ్జ కరిగిపోయి ఉంటుంది, అంతా తనకే తెలుసనుకునే నా బావమరిది నోరు మూసుకోవడం నేర్చి ఉంటాడు, అన్నాను. ఆమె పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను.

ఫోను పెట్టగానే బావ అడిగాడు. "ఏందంత నవ్విండ్రు?"

"ఏం లేదు బావా, ఊరికే."

ఇంటర్వ్యూలో జరిగిన ప్రతి మాటా ఆయనకు అప్పజెప్పాను, ఆ ఒక్క ముక్క తప్ప. నా గొప్పకోసం ఆయన నోట్లో జోకులు పెట్టానని చెప్పడానికి సిగ్గేసింది.

ఉద్యోగం వచ్చింది. పనంతా కాగితాలతోనే కనుక చెవుల సంగతి అక్కడ ఎవరికీ పట్టలేదు. బావ మెడలో ఐడీ కార్డు ఇంట్లో కూడా తీసేవాడు కాదు. స్నానానికైనా తీస్తవా లేదా అని అక్క ఎగతాళి చేసేది. రెండో నెలలో ఆ మేడమ్ హైదరాబాదు వచ్చింది. ఫోనులో తనను అంతగా నవ్వించిన మనిషిని చూడాలని వెతుక్కుంటూ బావ సీటు దగ్గరికే వచ్చింది. ఆమె ఏదో అడిగింది. పరాయి భాష పెదవులు ఆయనకు అందలేదు. చెవులు చూపించాడు. ఆమె పాపం మంచి మనిషే, వెంటనే ఒక చీటీ మీద రాసిచ్చింది: మీ అమ్మాయి సైకిల్ నేర్చుకుందా?

ఫ్రెంచ్‌లో సైకిల్‌ను 'వేలో' అంటారు. మందు కాగితాల్లో సైకిల్ ఎందుకుంటుంది? బావ ఆ మాట జన్మలో చూడలేదు. అమ్మాయి, వేలో, అని చూసి అదేదో మందు పేరనుకున్నాడు. చుట్టూ అందరూ నిలబడి చూస్తుంటే కంగారులో తనకు అన్నిటికంటే బాగా వచ్చిన వాక్యం రాశాడు: అవునండి, రోజుకు రెండుసార్లు, భోజనానంతరం.

ఆమె మొదట నవ్విందట. తర్వాత నవ్వు ఆపి, ఆయన చెవులకేసి చూసిందట. ఏదో బెడిసిందని బావకు అర్థమైంది. చీటీ మళ్లీ తీసుకుని కింద, ఒక్క తప్పు లేకుండా రాశాడు: ఆ రోజు గొంతు నాది కాదు. రాత నాది.

ఎవరి గొంతని ఎంత అడిగినా నా పేరు చెప్పలేదు. కార్డు తీసుకుని, సెక్యూరిటీవాళ్లతో గేటు దాకా పంపించారు.

అక్కణ్ణుంచి నడుచుకుంటూ నా క్లాసుకు వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. పిల్లలు జోరే అని అరుస్తున్నారు, బావ నల్లబల్ల మీది అక్షరాలు చూస్తున్నాడు. అందరూ వెళ్లాక చీటీ నా చేతిలో పెట్టాడు.

"వేలో అంటే ఏంది బామ్మర్దీ?"

చెప్పాను. దాంతోపాటు ఆ రోజు నవ్విన సంగతీ చెప్పాను, ఇక చెప్పక తప్పదు కనుక.

"సైకిల్ కొనకముందే నేర్పిచ్చినవా?"

ఆయన నాతో ఆడిన చివరి హాస్యం అదే. ఇంటికి వెళ్లి, నాకే చేతకాలేదు అని అక్కతో చెప్పాడు. తర్వాత అదే రోడ్డులో ఒక టవరు కింద పార్కింగులో కాపలా దొరికింది. వెనకనుంచి హారన్లు కొట్టేవాళ్లు, కిటికీ దించి చెవుడా అని తిట్టేవాళ్లు, రెండూ ఆయనకు వినపడేవి కావు. అదొక్కటే నాకు కాస్త ఊరట. తొమ్మిదేళ్లు ఆ పొగలో నిలబడి, ఊపిరితిత్తులు పాడై కన్నుమూశాడు. అన్నేళ్లలో నా దగ్గరికి ఆదివారం పాఠానికి ఒక్కసారీ రాలేదు.

ఇప్పుడు జిరాక్స్ షాపు లేదు, గది లేదు, అక్కడ తల వెనక్కి వంచితే గానీ చివర కనపడని అద్దాల మేడ ఉంది. తమ ఆఫీసులో బొత్తిగా వినపడని అమ్మాయి ఒకతె ఉందని, అవతలివాళ్లు మాట్లాడుతుంటే ఆ మాటలు తెరమీద అక్షరాలై పడతాయని, చేరేటప్పుడే వినికిడి గురించి అడిగి రాసుకుంటారని మా మేనకోడలు ఏదో చిన్న విషయంలా చెప్పింది. మంచిదేగా అన్నాను. బావ రాసిస్తానన్నది ఆ నాలుగు ముక్కలేగా.

చీటీ నా నిఘంటువులో, వేలో ఉన్న పేజీలోనే ఉంది. అక్కకు చూపిద్దామని ఎన్నోసార్లు జేబులో పెట్టుకుని వెళ్లాను. మీ బావకు అంత చదువొచ్చి కూడా ఆ ఉద్యోగం నిలబెట్టుకోవడం చేతకాలేదురా అని ఆవిడ ఇప్పటికీ అంటుంది, నేను ఇప్పటికీ టీ తాగి వచ్చేస్తాను.

పాపకు పది క్రియలూ దిద్ది పంపాను. చివరి ప్రశ్నకు మాత్రం, నీ జవాబు నువ్వే చెప్పుకోవాలమ్మా అని రాశాను. ఏంది తాతా గిట్ల చేస్తవ్ అని మొహం ముడుచుకున్న బొమ్మ ఒకటి పంపింది. వాళ్లమ్మ, అంటే మా బావ కూతురు, రోజూ కారు నడుపుకుంటూ ఆ పార్కింగు ముందునుంచే ఆఫీసుకు వెళుతుంది. సైకిల్ తొక్కడం దానికి ఇప్పటికీ రాదు.